ఒడి పెట్టనివ్వని మూడు రోజులు

దొడ్డి లైను, 1

డాక్టరమ్మ నా ఫోనులో ఈ లైను తెరిచి ఇచ్చింది. దొడ్డిలో జరిగింది జరిగినట్టు ఇందులో మెసేజ్ పెట్టమంది. నోటితో చెప్పడం నా వల్ల కాదని ఆమెకు తెలుసు. నలుగురున్న చోట నా గొంతు పెగలదు. రాయడమూ అంతంతే. బడికి రెండేళ్లు పోయాను. తర్వాత గొర్రెలు ఈనే కాలం వచ్చింది, వాటి దగ్గరే ఉండిపోయాను, మళ్లీ రమ్మని ఎవరూ పిలవలేదు.

నా పేరు బీరప్ప. గుట్ట లోపల మూడో సొరంగంలో ఉన్న గొర్రెల దొడ్డి నేను చూస్తాను. ఇంతకు ముందు మా అవ్వ చూసేది.

ఈ రోజు బొల్లి ఈనింది. ముఖం మీద తెల్ల మచ్చ ఉన్న గొర్రె. రెండు పిల్లలు. ఒకటి తల్లి దగ్గరే ఉంది. రెండోదాన్ని డాక్టరమ్మ బల్ల దగ్గరికి నేనే ఎత్తుకుపోయాను. మత్తు ఇచ్చింది. గాలి అందకుండా మూతికి తొడుగు పెట్టింది. నేను పిల్ల కాళ్లు పట్టుకుని గోడ వైపు చూశాను. తొడుగు తీశాక పిల్ల ఊపిరి తీసుకుంది. మత్తు దిగినా అరవలేదు. గాలి మిషను మొరాయించి గుట్టలో గాలి పల్చబడితే గాలి కోత అంటాం, ఆ వేళ పుట్టిన బిడ్డలు కూడా ఇలాగే అరవరు. అందుకే ఇదంతా.

తర్వాత దాన్ని చలి పరుపు మీద పడుకోబెట్టాం. పరుపులో నీళ్లు తిరుగుతుంటాయి. ఆ నీళ్ల గొట్టం బయటి గోడను తాకి వస్తుంది. బయట చలికి కరువు లేదు గనక దీనికి కరెంటు పెద్దగా పట్టదు. మూడు రోజులు పరుపు మీదే ఉండాలి. ఆ తర్వాత మెల్లగా వెచ్చబరచాలి. గాలి అందక మెదడు కమిలినప్పుడు, ఒళ్లు వెచ్చగా ఉంటే ఆ కమిలింది పాకుతూ పోతుందట. చల్లగా ఉంచితే ఆగుతుందట. డాక్టరమ్మ చెప్పిన దాంట్లో నాకు అర్థమైంది ఇంతే.

బొల్లి సాయంత్రం దాకా అరుస్తూనే ఉంది. ఒక పిల్ల పొదుగు దగ్గరే ఉన్నా రెండోదాని కోసం అరిచింది.

దొడ్డి లైను, 2

ఈ లైను మిగతా గుట్టల వాళ్లకు కూడా పంపుతానని డాక్టరమ్మ అంది. అక్కడ ఒడి ఉందో లేదో నాకు తెలియదు. అందుకని రాస్తున్నాను.

మా దగ్గర పుట్టిన పిల్ల కనబడితే, మనిషి బిడ్డయినా గొర్రెపిల్లయినా, పక్కనుంచి ఊరికే పోకూడదు. కోటు గుండీలు తీసి లోపల పెట్టుకోవాలి. మన వాళ్లు భూమి వదిలి ఈ గుట్టకు వచ్చిన మొదటి చలికాలంలో పోయిన ఇంటి పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోవాలి. పేర్లు అయిపోయాక దింపాలి. దీన్ని ఒడి పెట్టడం అంటాం. ఎవరైనా ఒడి పెట్టబోతే వద్దనకూడదు. వద్దంటే నీ ఒంట్లో వేడి లేదు, నువ్వు పీనుగవు అన్నట్టే. ఈ మాట మీద పెళ్లిళ్లు ఆగిపోయాయి.

తిప్పన్న చిన్నాయన రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు తెచ్చి తొట్టి నింపుతాడు. మా నాయన తమ్ముడు కాదు, వరసకు పిలుస్తాను. ఆయన నన్ను పలకరించడు, నేను ఆయన్ని పలకరించను. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది. ఈ రోజు తొట్టి నింపి, చలి పరుపు మీద బొల్లి పిల్లను చూసి నిలబడిపోయాడు. డబ్బాలు కింద పెట్టి చేతులు రుద్దుకున్నాడు. పిల్లకు తగిలించిన వైర్లు ఊడకుండా జాగ్రత్తగా ఎత్తి కోటులో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. వాళ్ల ఇంట్లో చాలామందే పోయారు. చాలాసేపు పట్టింది.

ఆయన బిడ్డ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. గాలి కోతలో పుట్టింది, అరవలేదు. అప్పటి డాక్టరు భూమి నుంచి వచ్చిన పుస్తకం చూసి, అందులో ఎంత చలి రాసి ఉంటే అంత చలిలో పెట్టాడు. మన గాలి పల్చన, ఇక్కడ పుట్టిన వాళ్ల రక్తం చిక్కన. ఆ చలికి రక్తం గడ్డకట్టి బిడ్డ పోయింది. తల్లి తన నోటితో అడిగితే తప్ప ఏ బిడ్డనూ చల్లబరచకూడదని ఆ తర్వాత పంచాయితీ కట్టు పెట్టింది. ఇంతవరకు ఏ తల్లీ అడగలేదు. ఎలా అడుగుతుంది?

జుబేదా డాక్టరమ్మ పోయిన ఏడాది వేరే గుట్ట నుంచి వచ్చింది. మన గొర్రెలు కూడా ఈ గాలిలోనే పుడుతున్నాయి కదా, ఎంత చలి మనకు పడుతుందో వాటి మీద చూద్దాం అని పంచాయితీని అడిగింది. సరేనన్నారు, కానీ పరుపు అందరికీ కనబడే చోటే ఉండాలన్నారు. ఈ ఈనే కాలంలో చలి పిల్లలు వెచ్చగా ఉంచిన వాటి కన్నా మేలుగా లేస్తే పని సాగుతుంది. లేవకపోతే మూసేస్తారు.

మా అక్క సుంకమ్మకు నెలలు నిండుతున్నాయి. గాలి ఇంట్లో మిషను పాతబడింది, కోతలు ఎక్కువయ్యాయి. ఈ పని ఆగకూడదు.

దొడ్డి లైను, 3

చలి పిల్లలు సరిగ్గా లేవడం లేదు.

బొల్లి పిల్ల పరుపు దిగింది. నిలబడింది గానీ ఎడమ వైపే తిరుగుతోంది. తిరిగి తిరిగి గోడకు తగులుతుంది. పొదుగు దగ్గర పెట్టినా మూతి తెరవదు. వేలికి పాలు రాసి నోట్లో పెడుతున్నాను. దాని తర్వాత పరుపెక్కిన రెండూ అంతే. తలుపు దగ్గర చోటు లేక లోపలి అరలో చిన్న పరుపు వేసి పెట్టిన ఇంకో చలి పిల్ల మాత్రం చెంగుమని లేచి నా చొక్కా నమిలింది.

డాక్టరమ్మ స్క్రీన్ మీద పిల్లల వేడి గీత చూపించింది. గీత చదునుగా ఉండాలి. పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట చిన్న గుట్టలా లేస్తోంది. గొట్టం కారుతోందేమో అని ఇద్దరం వంగి మొత్తం తడిమి చూశాం. పొడిగా ఉంది. లోపలి అరలో పెట్టిన పిల్ల గీతకు మాత్రం గుట్టలు లేవు.

ఈ రెండు వేళల్లో దొడ్డికి ఎవరొస్తారని ఆమె అడిగింది. నేను తొట్టి వైపు చూశాను. తొట్టి నిండా నీళ్లు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. వాళ్ల గుట్టలో ఒడి లేదట. చూస్తూనే ఉన్నా ముద్దు చేస్తున్నారనుకుందట. నాకు పుట్టినప్పటి నుంచి ఒడి తెలుసు. అది వేడి అని నాకూ తట్టలేదు. అది మర్యాద, అంతే.

తలుపుకు తాళం వేస్తే దాచిపెట్టారంటారు. ఎవరో ఒకరు ఆయనకు చెప్పాలి.

"నేను చెప్తే, బయటి గుట్టదొచ్చి మన ఒడి వద్దంటాంది అనుకుంటారు బీరా. నువ్వు చెప్పగలవా?"

తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు.

దొడ్డి లైను, 4

తిప్పన్న చిన్నాయనకు మెసేజ్ రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను. తర్వాత గుర్తొచ్చింది, ఆయన దగ్గర ఫోను లేదు.

పొద్దున ఆయన వచ్చినప్పుడు పరుపుకు అడ్డంగా నిలబడ్డాను. ఆయన నా భుజం మీద తట్టి, నన్ను మెల్లగా పక్కకు జరిపి, పిల్లను ఎత్తుకున్నాడు.

సాయంత్రం కూడా అంతే.

దొడ్డి లైను, 5

చెప్పాను.

ఆయన డబ్బాలు దింపగానే కోటు చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను. బొల్లి పిల్లను చూపించాను. అది ఎడమకు తిరుగుతూ వచ్చి ఆయన మోకాలికి తగిలింది, పడింది, లేచి మళ్లీ తిరిగింది. పక్కన లోపలి అర పిల్ల తల్లి పొదుగు కుమ్మి కుమ్మి తాగుతోంది.

"చిన్నాయనా, ఇది నువ్వు ఒడి పెట్టింది. అది పెట్టంది," అన్నాను. "ఇంగ పెట్టొద్దు."

అంత మాట నా నోటి నుంచి వచ్చిందని నాకే నమ్మకం లేదు. ఆయన బొల్లి పిల్లను చాలాసేపు చూశాడు. కోటు గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. డబ్బాలు అక్కడే వదిలేసి పోయాడు.

దొడ్డి లైను, 6

నీళ్లు రాలేదు. నేనే మోసుకొచ్చాను. నీళ్ల ఇంటి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపేశారు. నాకు అలవాటే. ఎప్పుడూ నేను మాట్లాడను, ఈసారి వాళ్లు మాట్లాడలేదు.

ఇంటికి పోతే అవ్వ అన్నం పెట్టకుండా కూర్చుంది. మా అవ్వ పేరు మారెక్క. సొరంగంలో పెద్ద వయసు ఆమెదే. పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి ఒడి ఆమెదే.

"మాట రాని మొద్దనుకుంటి," అంది. "వచ్చిన ఒక్క మాట అదేనంట్రా? బిడ్డ సచ్చినోన్ని పట్టుకోని, నీ ఒడి పనికిరాదంటావా?"

నేను ఎదురుగా కూర్చుని ఆమె ఫోనుకు మెసేజ్ పెట్టాను. ఇంట్లో కూడా నాకు అదే అలవాటు. ఆమెకు కళ్లు సరిగ్గా కనబడవు, ఫోనే పైకి చదువుతుంది. నేను రాసింది ఒక ఆడగొంతు చదివింది. అవ్వా, ఒడి పనికిరాదనలేదు, ఆ మూడు రోజులు వద్దన్నాను, అక్క బిడ్డ గాలి కోతలో పుడితే ఏం చేయాలో తెలియాలి కదా.

"ఆ బిడ్డ కోతలో పుట్టదు," అంది అవ్వ ఫోనుతో. నాతో కాదు. ఫోనును బోర్లించి పెట్టింది. తర్వాత అన్నం పెట్టింది.

దొడ్డి లైను, 7

తిప్పన్న చిన్నాయన వచ్చాడు. నీళ్ల కోసం కాదు. డాక్టరమ్మ కోసం.

ఆయన మాట్లాడితే ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో నేను సరిగ్గా వినలేదు. గొంతు సన్నగా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా పిల్లను ఎంత చలిలో పెట్టినారో మీ కాడ రాసి ఉందా?"

ఉందని చెప్పింది డాక్టరమ్మ. ఎంతో కూడా చెప్పింది. ఇక్కడి రక్తానికి అది ఎక్కువ చలి అని చెప్పింది. ఇప్పుడు గొర్రెపిల్లలను అంత చలిలో పెట్టడం లేదని పరుపు మీటరు చూపించింది.

"తక్కువ చలి పెట్టింటే బతికేదా?"

"తెలీదన్నా," అంది ఆమె. "ఈ పిల్లలు లేచేదాకా నాకు తెలీదు."

ఆయన ఆ మాటకు తల ఊపాడు. ఆమె ఏదైనా తీపి మాట చెప్పి ఉంటే వెళ్లిపోయేవాడని నాకు అనిపించింది. తర్వాత నా వైపు తిరిగి, బొల్లి పిల్లను తాను చెడగొట్టాడా అని అడిగాడు.

అబద్ధం చెప్పలేను. అవునని కూడా చెప్పలేను. గాలి ఆపినప్పుడు దాని కాళ్లు పట్టుకుంది నేను.

"గాలి ఆపింది మేము, చిన్నాయనా," అన్నాను.

ఆయన వెళ్లి డబ్బాలు తీసుకుని నీళ్లు తెచ్చాడు. తొట్టి నింపాడు. నింపి ఇంటికి పోలేదు. పాలు పితికే పీట లాక్కుని పరుపు పక్కన, తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు. కోటు గుండీలు మెడ దాకా పెట్టుకునే ఉన్నాడు. సాయంత్రం ఎవరో ఇద్దరు గడ్డి కోసం వచ్చి, పిల్లను చూసి గుండీల మీద చేయి వేశారు. ఆయన అరచేయి చూపించాడు. వాళ్లు ఆయన ముఖం చూసి, మారు మాట లేకుండా గడ్డి తీసుకుని పోయారు. ఇంకెవరు చెప్పినా కొట్లాట అయ్యేది.

దొడ్డి లైను, 8

కొన్ని రోజులు రాయలేదు. పని ఎక్కువైంది.

గీతలు చదునుగా వస్తున్నాయి. చలి పిల్లలు లేస్తున్నాయి. అన్నీ కాదు. ఎవరూ ముట్టకపోయినా ఒకటి రెండో రోజు పోయింది. వెచ్చగా ఉంచిన వాటిలో లేచినవి తక్కువ, లేచినా తాగేవి ఇంకా తక్కువ. డాక్టరమ్మ ముఖంలో వెలుగు వచ్చింది గానీ ఇంకా చాలా పిల్లలు కావాలంటోంది.

బొల్లి పిల్లకు చివరి సూది ఇచ్చే రోజు వచ్చింది. మెదడు కోసి చూస్తే తప్ప లోపల ఎంత కమిలిందో తెలియదు. అది మొదటి రోజు నుంచే తెలుసు నాకు. ఇలాంటి పిల్లలకు పేర్లు పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది, నేను పెట్టలేదు, అయినా అది నా వేలు గుర్తుపట్టేది. నేనే పట్టుకున్నాను. వేరే ఎవరినైనా రమ్మంటానంది ఆమె. వద్దన్నాను. కాళ్లు పట్టుకున్న మొదటి రోజు గోడ వైపు చూశాను. ఈసారి దాన్నే చూశాను.

తర్వాత బొల్లి దగ్గరికి పోతే నా చేతులు వాసన చూసింది. కడుక్కునే పోయాను. అయినా చూసింది.

అక్క వచ్చింది. పొట్ట ముందు, అక్క వెనక. నన్ను చూసి నవ్వింది.

"నువ్వు మాట్లాడినావంట గదా. సొరంగమంతా ఒకటే గోల. ఇంగోసారి మాట్లాడు, నేను గూడా ఇంటా."

నేను పిల్లల వైపు చేయి చూపించాను. పరుపు దిగి ఇంకా మెల్లగా వెచ్చబడుతున్న ఒక పిల్ల అప్పుడే వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు మర్చిపోయినట్టు ఆగి, మళ్లీ గుర్తొచ్చినట్టు లేచింది. అక్క చేయి గుండీల మీదికి పోయింది. తిప్పన్న చిన్నాయన దగ్గాడు. అక్క రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది. పోయేటప్పుడు, అది మొదట అరవలేదా అని అడిగింది. అరవలేదని తల ఊపాను.

దొడ్డి లైను, 9

కోత. ఎర్ర దీపాలు వెలిగాయి.

అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బావ గాలి ఇంట్లో మిషను దగ్గర ఉన్నాడు, రాలేడు. ఆయన వస్తే మిషను పూర్తిగా ఆగుతుంది.

గొర్రెలు కూర్చుండిపోయాయి. గాలి పల్చబడితే అవి ముందు కూర్చుంటాయి.

ఆడపిల్ల. అరవలేదు.

దొడ్డి లైను, 10

ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. గాలి తిరిగి వచ్చింది.

నేను పోయేసరికి డాక్టరమ్మ బిడ్డ నోటికి సంచి పెట్టి ఊపిరి పోస్తోంది. ఊపిరి అందుకుంది. కానీ చేతులూ కాళ్లూ తడి గుడ్డల్లా వేలాడుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, దేన్నీ చూడటం లేదు. ఆ చూపు నాకు తెలుసు. బొల్లి పిల్లది అదే చూపు. అవ్వ వెంటనే బిడ్డను తన కోటులో పెట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి.

డాక్టరమ్మ అక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చలిలో పెట్టిన గొర్రెపిల్లలు వెచ్చగా ఉంచిన వాటి కన్నా మేలుగా లేచాయి. అన్నీ లేవలేదు. మనిషి బిడ్డకు ఈ చలి పెట్టి ఎవరూ చూడలేదు. పెట్టాలంటే ఆరు గంటల లోపలే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. పెట్టమని తాను చెప్పకూడదు. తల్లి అడగాలి.

గదిలో చాలామంది ఉన్నారు. అక్క అందరినీ చూసి, చివర్న నన్ను చూసింది. పెదవులు పగిలి ఉన్నాయి.

"బీరా. అది నీ గొర్రెపిల్లయితే ఏం చేస్తావు?"

ఫోను జేబులోనే ఉంది. తీయలేదు.

"చల్లగా పెడతా, అక్కా."

ఎవరో తిప్పన్న బిడ్డ మాట ఎత్తారు. తలుపు దగ్గర తిప్పన్న చిన్నాయన ఉన్నాడు, ఆ మాట విన్నాడు, కదల్లేదు. అక్క ఆయన వైపు కూడా చూసింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. నా వైపు గడ్డం చూపించాడు, వాడు చూసినాడు అన్నట్టు.

"పెట్టండి డాక్టరమ్మా," అంది అక్క. "నేనే అడుగుతాండా. అందరూ ఇన్నారు గదా, నేనే అడిగినా."

డాక్టరమ్మ చేతులు చాచింది. అవ్వ బిడ్డను ఇవ్వలేదు. కోటును ఇంకా గట్టిగా దగ్గరికి లాక్కుంది. అవ్వ చేతుల్లోంచి బిడ్డను లాగే మనిషి ఈ గుట్టలో లేడు. నేను పోయి ఆమె ముందు కూర్చున్నాను.

"అవ్వా, ఒడి చాలు. ఇయ్యి."

"నన్ను పీనుగంటావా?"

 అందరూ వింటున్నారు. ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాను. ఆగలేదు.

"లేదవ్వా. నీ ఒంట్లో ఏడి ఎక్కువుండాది. దానికి ఇప్పుడు అంత పనికిరాదు. మూడు దినాలు దాచిపెట్టు."

అవ్వ నన్ను చూసింది. ఇంత పొడుగు మాట నా నోట ఆమె ఎప్పుడూ వినలేదు. గుండీలు తీసింది. బిడ్డను నా చేతుల్లో పెట్టింది. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం పోగొట్టడానికే బిడ్డను అందుకున్నాను.

దొడ్డి లైను, 11

చలి పరుపును కడిగి అక్క గదిలోకి తెచ్చాం. తలుపు తీసే ఉంది. కట్టు ప్రకారం అందరికీ కనబడాలి. తిప్పన్న చిన్నాయన పీట తెచ్చుకుని గడపలో కూర్చున్నాడు.

ఒడి పెట్టడానికి సొరంగాలన్నీ కదిలి వచ్చాయి. కొత్త బిడ్డ కదా. ఆయన ఒక్కొక్కరికీ అరచేయి చూపిస్తున్నాడు. కొందరు వాదించారు. ఒకాయన, నీ బిడ్డ ఇట్లే గదా పోయింది, నువ్వే కాపలా ఉంటావా అన్నాడు. తిప్పన్న చిన్నాయన ఆయన్ని పక్కన కూర్చోమని చోటు ఇచ్చాడు. ఆయన కూర్చున్నాడు. కాసేపటికి తిరిగి పోకుండా కూర్చునేవాళ్లు ఎక్కువయ్యారు. సొరంగం పొడుగునా గోడకు ఆనుకుని మూసిన కోట్లతో కూర్చున్నారు.

బిడ్డ ఒళ్లు చల్లగా, మైనంలా ఉంది. ముట్టుకుంటే మన లోపల ఏదో వద్దు వద్దంటుంది. నాకూ అంటుంది. ఇన్ని పిల్లలను పెట్టాను గదా, అయినా అంటుంది.

దొడ్డి లైను, 12

ఎడమ చేయి ఎగిరెగిరి పడింది. మూర్ఛ. డాక్టరమ్మ మందు ఎక్కించింది. ఆగింది. మళ్లీ వచ్చింది. ఆగింది.

అక్క ఏడవలేదు. పరుపు అంచు పట్టుకుని కూర్చుంది. తీసేయమని ఎవరో అన్నారు. తీయొద్దంది అక్క. మధ్యలో తీస్తే ఏమవుతుందని నన్ను అడిగింది. పొద్దున సాయంత్రం ఒడి పెట్టిన పిల్లలు ఎడమకు తిరిగాయని చెప్పాను. ఆమెకు అది చాలు.

అవ్వ మూలన కూర్చుని ఉంది. నిన్నటి నుంచి కోటు గుండీలు విప్పలేదు, నిద్రలో కూడా. దాచిపెట్టమన్నాను గదా, దాచిపెడుతోంది.

బావ వచ్చాడు. చేతుల నిండా మసి. బిడ్డను ముట్టుకోకుండా, పరుపు గొట్టం మీద చేయి పెట్టి కూర్చున్నాడు. గొట్టాల మనిషి.

దొడ్డి లైను, 13

ఈ రోజు మూర్ఛ రాలేదు. కళ్లు దీపం వైపు తిరిగాయి. తిరిగాయనే నాకు అనిపించింది. డాక్టరమ్మను అడిగితే, రాసి పెట్టు కానీ నమ్మకు అంది. రాశాను.

మధ్యలో దొడ్డికి పోయి వచ్చాను. గొర్రెలకు ఇవేవీ పట్టవు. వాటికి గడ్డి కావాలి.

దొడ్డి లైను, 14

మూడు రోజులు అయ్యాయి. వెచ్చబరచడం మొదలుపెట్టాం. ఒక్కసారిగా వేడి ఇస్తే మూర్ఛ తిరిగి వస్తుంది. ఒక గొర్రెపిల్లకు తొందరపడి అలాగే జరిగింది. అందుకని పరుపు నీళ్లు కొంచెం కొంచెంగా మార్చాం. దాదాపు రోజంతా పట్టింది. బిడ్డ పాదాలకు రంగు వచ్చింది, తర్వాత అరచేతులకు. డాక్టరమ్మ మీటరు చూసి, వైర్లు ఊడదీసి, ఇంక ఒడి పెట్టొచ్చంది.

గోడ పొడుగునా కూర్చున్న వాళ్లంతా లేచారు. దారి ఇచ్చి అవ్వ వైపు చూశారు. మొదటి ఒడి ఎప్పుడూ ఆమెదే. అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. బిడ్డ దగ్గరికి వచ్చింది. వంగి చూసింది.

"తిప్పన్నా, రా," అంది.

ఆయన గడపలోనే ఉండిపోయాడు. అవ్వ మళ్లీ పిలిచింది. వచ్చాడు. మెడ దగ్గరి గుండీ రావడం లేదు. నేను తీశాను. బిడ్డను లోపల పెట్టాను.

ఆయన కళ్లు మూసుకుని పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి పైకి చెప్పాడు. తాత పేరు, అవ్వ పేరు, పెద్దనాయనల పేర్లు. అందరికీ తెలిసిన పేర్లే. అయిపోయాయి అనుకున్నాం. దింపలేదు. ఇంకో పేరు చెప్పాడు. లక్కమ్మ.

వాళ్ల ఇంట్లో ఆ పేరు గలవాళ్లు మొదటి చలికాలంలో ఎవరూ లేరు. ఆయన బిడ్డ పేరు పెట్టే రోజు దాకా బతకలేదు. మనసులో అనుకున్న పేరు అదేనేమో. అది ఒడిలో చెప్పే పేరు కాదని ఎవరూ అనలేదు. అవ్వ కూడా అనలేదు.

అప్పుడు బిడ్డ తల తిప్పింది. ఆయన చొక్కాకు మూతి ఆనించి, అటూ ఇటూ రాస్తూ వెతికింది. దొడ్డిలో ఆ వెతుకులాట ఎన్నిసార్లు చూశానో. బొల్లి పిల్ల ఒక్కసారి కూడా వెతకలేదు. గుండీ దొరికితే నోట్లో పెట్టుకుని లాగింది. తిప్పన్న చిన్నాయన కదలకుండా నిలబడ్డాడు, కన్నీళ్లు గడ్డంలోకి పోతున్నాయి.

"ఇట్లియ్యి చిన్నాయనా," అంది అక్క. "నీ కాడ పాలు లేవు."

దొడ్డి లైను, 15

బిడ్డ తాగుతోంది. ఎడమ చేయి కుడి చేతి కన్నా కొంచెం మెత్తగా ఉంది. నడిచే రోజు వస్తే గానీ పూర్తిగా తెలియదంది డాక్టరమ్మ. ఒక్క బిడ్డ లేచినంత మాత్రాన ఏమీ రుజువు కాదని, పంచాయితీ ముందు కూడా అదే చెబుతానని అంది. చెప్పడానికి నన్నూ రమ్మంది. పోతాను. ఫోను ఇంట్లో పెట్టి పోతాను.

పరుపును దొడ్డికి తిరిగి తెచ్చి, కడిగి, ఆరబెట్టాను. గొట్టం బిగించాను. పక్క అరలో ఎర్రచెవి గొర్రె నిలబడి కాలితో నేల గీరుతోంది, రేపటికి ఈనుతుంది. దాని పిల్లకు గాలి ఆపేటప్పుడు కాళ్లు నేనే పట్టుకుంటాను. గోడ వైపు చూడను. పరుపెక్కాక మూడు రోజులూ పక్కనే ఉంటాను, ఎవరొచ్చినా చెబుతాను.

బొల్లికి రెండు దోసిళ్ల గింజలు ఎక్కువ వేశాను. తింది. తిన్నాక మళ్లీ నా చేతులు వాసన చూసింది. ఈసారి చేతులకు బిడ్డ వాసన ఉంది. చాలాసేపు చూసింది.

తొట్టి నిండుగా ఉంది. ఆయన వచ్చి పోయినట్టున్నాడు. పీట తలుపుకు ఎదురుగా వేసి పోయాడు.